తొట్టిలో రొయ్యను చంపిందెవరు? ముదిగుబ్బ ఇంటి నుంచి కొన్ని చిట్కాలు

తాగే నీళ్లకే క్యాన్లు మోసుకునే ముదిగుబ్బలో సముద్రపు తొట్టి ఏంటని మా ఆడబిడ్డ ఇప్పటికీ నవ్వుతుంది. బెంగళూరులో ఉద్యోగం చేసే మా పెద్దోడు లాక్‌డౌన్‌లో ఇంటికొచ్చి ముచ్చటపడి పెట్టాడు. వాడు మళ్లీ వెళ్లిపోయాడు, తొట్టి నా మెడకు చుట్టుకుంది. చేపలు ఎలాగో నెట్టుకొస్తాయి. రొయ్యలు, నత్తలు, పీతలు, స్టార్‌ఫిష్‌లు ఉన్నాయే, ఈ వెన్నెముక లేని ప్రాణులే చెప్పాపెట్టకుండా పోతుంటాయి. పోయినప్పుడల్లా వందలకు వందలు నీళ్లపాలు. చంపిందెవరో పట్టుకోవడానికి నేను పడ్డ తిప్పలు మీరు పడొద్దని రాస్తున్నా.

1. ముందు కంగారు పడకండి, అడుగున పడి ఉన్నది రొయ్యో, రొయ్య విడిచిన కుబుసమో చూడండి. తల వెనక చీలి, ఉల్లిపొరలా పల్చగా, లోపల డొల్లగా ఉంటే అది కుబుసం. అసలు రొయ్య కొత్త పెంకు గట్టిపడేదాకా రాళ్ల సందులో దాక్కుని ఉంటుంది. నేను మొదటిసారి ఉత్త కుబుసానికే కన్నీళ్లు పెట్టుకుని పెద్దోడికి ఫోన్ చేశాను.

2. నత్త రెండు రోజులుగా కదలకపోతే బయటికి తీసి వాసన చూడండి. బతికున్నదాని మూత ముట్టుకుంటే లోపలికి ముడుచుకుంటుంది. చచ్చినదైతే కడుపులో తిప్పేస్తుంది, రెండోసారి చూసే పనుండదు.

3. ఇసుకలో వెల్లకిలా పడ్డ నత్తను చూడగానే తిప్పి రాయికి ఆనించండి. కొన్ని రకాలు తమంతట తాము తిరగలేక అలాగే పోతాయి, మనం అనవసరంగా నీళ్లను తిట్టుకుంటాం.

4. పాల లెక్క రాసే క్యాలెండర్ మీదే తొట్టి లెక్కా రాయండి: ఏది పోయింది, దానికి మూడు రోజుల ముందు ఇంట్లో ఏం జరిగింది. నీళ్లు మార్చామా, దోమల మందు కొట్టామా, సున్నం వేయించామా అన్నది వారం తర్వాత గుర్తుండదు.

5. ఏది ముందు పోయిందో చూస్తే సగం కేసు తేలిపోతుంది. ముందు రొయ్యలు, పీతలు గిలగిలా కొట్టుకుని పోయి నత్తలు మామూలుగా పాకుతుంటే పురుగుమందు. రొయ్యలు, నత్తలు రెండూ పోయి చేపలు దర్జాగా తిరుగుతుంటే రాగి. చేపలు కూడా పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే గాలి చాలలేదు. ఈ మూడు ముక్కలూ కాగితం మీద రాసి తొట్టి పక్కన అంటించుకోండి.

6. ఎప్పుడు పోయిందన్నది కూడా చూడండి. తెచ్చిన రెండు రోజుల్లోపు పోతే నీళ్లకు అలవాటు చేయడంలో తేడా, వారానికొకటి పోతే ఆకలో దొంగో, ఒక్క రాత్రిలో అన్నీ పోతే విషమో కరెంటో.

7. చేపలకు తెల్లమచ్చలు వచ్చాయని అంగట్లో ఇచ్చే నీలం చుక్కల మందును అలాగే తొట్టిలో పోయకండి. అలాంటి మందులు కొన్నింట్లో రాగి ఉంటుంది, చేపకు నయం చేసే మోతాదే రొయ్యకూ నత్తకూ విషం. జబ్బు చేపను వేరే బకెట్లో గాలి పంపు పెట్టి అక్కడ మందు వేయండి, ఉన్నవన్నీ దక్కుతాయి.

8. సెకండ్ హ్యాండ్ తొట్టి, రాళ్లు, ఇసుక చౌకగా వస్తున్నాయంటే అందులో ఇంతకు ముందు రాగి మందు వాడారా అని అడగండి. రాళ్లు, ఇసుక రాగిని పట్టుకుని నెలల తరబడి మెల్లగా వదులుతుంటాయి; చౌక బేరం అక్కడే ఖరీదవుతుంది.

9. చీనీ తోట ఉన్న ఇళ్లకు ఇది ముఖ్యం. మా ఇంటాయన ఒకరోజు మైలుతుత్తం, సున్నం కలిపి చెట్ల మొదళ్లకు పూసొచ్చి, పడిపోయిన నత్తను పాపం అని చేత్తో లేపాడు. చెయ్యి కడిగాననే అంటాడు, గోళ్ల సందుల్లో నీలం నాకు కనబడుతూనే ఉంది. మూడో రోజుకు రెండు రొయ్యలు, నాలుగు నత్తలు పోయాయి, చేపలకు ఏమీ కాలేదు. అప్పటి నుంచి తోట నుంచి వచ్చినవాళ్ల చేతులు తొట్టి మూత దాటవు.

10. రాగి చెంబు నీళ్లు మనకు మంచివేమో, తొట్టికి కాదు. రాగి బిందె, ఇత్తడి గరిటె, ఇత్తడి కొళాయి తగిలిన నీళ్లు వాడొద్దు. ప్లాస్టిక్ మగ్గు ఒకటి విడిగా కొని దానికే కేటాయించండి.

11. దోమల కాయిల్, ప్లగ్గులో పెట్టే ద్రవం, స్ప్రే ఏదైనా తొట్టి ఉన్న గదిలో వద్దు. గాలి పంపు గదిలోని గాలినే పీల్చి నీళ్లలోకి తోస్తుంది, మందు పొగ కూడా దాంతోపాటే పోతుంది. దోమతెర కట్టుకోండి, నెలనెలా కాయిల్ ఖర్చు కూడా మిగులుతుంది.

12. మందు కొట్టక తప్పని రోజు పంపును వరండాలో పెట్టి సన్న పైపు మాత్రం లోపలికి లాగండి, తొట్టి మీద తడి దుప్పటి కప్పండి. తలుపులు తీసి గది బాగా గాలాడాకే దుప్పటి తీయండి.

13. చీమల చాక్‌పీసు గీసిన చేయి, కుక్కకు పిడుదుల మందు రాసిన చేయి, శనక్కాయ విత్తనానికి మందు పట్టించిన చేయి... ఈ మూడూ రొయ్యకు యముడి చేతులే. ఆ రోజు తొట్టి పని ఇంకొకరికి అప్పజెప్పండి.

14. కొబ్బరినూనె, సబ్బు, శానిటైజర్ ఉన్న చేయీ అంతే. మోచేతి దాకా ఉత్త నీళ్లతో రుద్ది కడుక్కుని, ప్లగ్గులు పీకి, ఆ తర్వాతే తొట్టిలో చెయ్యి పెట్టండి. కరెంటు షాకు మనకూ తప్పుతుంది.

15. మన బోరు నీళ్లు తొట్టికి పనికిరావు, గిన్నె మీద మిగిలే తెల్లటి పొర చూస్తేనే తెలుస్తుంది. పైగా పాత మోటారు, పాత పైపుల్లోంచి ఏ లోహం కలుస్తుందో ఎవరు చూడొచ్చారు?

16. వాటర్ ప్లాంటు క్యాన్‌ను గుడ్డిగా నమ్మకండి, తాగే నీళ్లలో రుచి కోసం కొంత లవణం ఉంచుతారు. చిన్న టీడీఎస్ మీటరు ఒకటి కొనుక్కోండి. తొట్టికి సున్నాకు దగ్గరగా ఉండాలి. యాభై, వంద చూపిస్తే ఆ నీళ్లు వంటకు పెట్టుకోండి. ఇంట్లో ఆర్‌ఓ ఉంటే అది వదిలే నీళ్లను పారబోయకుండా బండలు కడగండి, ఈ కరువు నేలలో ఒక్క బకెట్ మిగిలినా లాభమే.

17. కల్లుప్పు వేస్తే సరిపోతుంది కదా అని చుట్టాలు చెబితే నవ్వి ఊరుకోండి. సముద్రపు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లాంటివెన్నో ఉంటాయి, అవన్నీ సరిపాళ్లలో కలిపిన అక్వేరియం ఉప్పే కావాలి. లీటరుకు సుమారు 35 గ్రాములు పడుతుంది.

18. ఉప్పు ముందురోజే బకెట్లో కలిపి పంపు పెట్టి తిప్పండి, మర్నాడు హైడ్రోమీటరుతో కొలిచి పోయండి. రీడింగు 1.025 దగ్గర ఉంటే చాలు. అప్పటికప్పుడు కలిపి పోసిన నీళ్లకు రొయ్యలు తట్టుకోలేవు.

19. తొట్టిలోంచి ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. మన ఎండలకు నీటిమట్టం రోజూ దిగుతుంది, ఉప్పు చిక్కబడుతుంది, చేప ఓర్చుకుంటుంది, స్టార్‌ఫిష్ ఓర్చుకోదు. తగ్గినంత మేరకు ఉప్పు లేని ఆర్‌ఓ నీళ్లే పోయండి. అద్దం మీద నెయిల్ పాలిష్‌తో బయటివైపు గీత పెట్టుకుంటే పిల్లలు కూడా చూసి పోస్తారు.

20. వారం లోటును ఒక్కసారే బకెట్‌తో గుమ్మరించకండి. పొద్దున ఒక మగ్గు, సాయంత్రం ఒక మగ్గు.

21. ఏప్రిల్, మే నెలల్లో బయట నలభై దాటితే తొట్టిలో ముప్పై దాటుతుంది. వీటికి ఇరవై అయిదు, ఇరవై ఆరు దగ్గర హాయి. పడమటి గోడకు దూరంగా, కడప బండలు పరిచిన చల్లటి గదిలో పెట్టి నీళ్ల మీదికి చిన్న ఫ్యాను తిప్పండి, రెండు మూడు డిగ్రీలు దిగుతుంది.

22. ఆర్‌ఓ నీళ్లు నింపి గట్టిగా మూత బిగించిన సీసాలను ఫ్రిజ్‌లో గడ్డకట్టించి ఉంచండి. వేడెక్కిన మధ్యాహ్నం ఒక్కొక్కటే తేలనివ్వండి. సీసా కారినా నష్టం లేదు.

23. వేడి నీళ్లలో గాలి తక్కువ నిలుస్తుంది, కరెంటు పోయిందంటే ఇంకా తక్కువ. బ్యాటరీ పంపు ఒకటి పక్కనే ఉంచండి. అది లేని రాత్రి నేను మగ్గుతో నీళ్లు తీసి పైనుంచి పోస్తూ కూర్చున్నాను, అయినా తెల్లారేసరికి రొయ్యలన్నీ పోయాయి.

24. బెంగళూరు నుంచి బస్సులో వచ్చిన కవరును తెచ్చీతేగానే తొట్టిలో కుమ్మరించకండి. సన్న పైపుకు ముడివేసి తొట్టి నీళ్లు చుక్కచుక్కగా గంటన్నర పాటు ఆ కవరులోకి పడనివ్వండి, స్టార్‌ఫిష్‌కైతే ఇంకా ఎక్కువసేపు. ఆ తర్వాత ప్రాణిని మాత్రమే వదిలి, కవరు నీళ్లు మొక్కలకు కూడా పోయకుండా పారబోయండి, ఉప్పు కదా.

25. స్టార్‌ఫిష్ చేయి కొసలు కరిగిపోతున్నట్టుంటే ఉప్పులో తేడా అయినా అయి ఉండాలి, చాలా రోజుల ఆకలి అయినా అయి ఉండాలి. కొత్త తొట్టిలో దానికి మేత ఉండదు, ఏడాది తిరక్కుండా కొనకండి.

26. అమ్మోనియా టెస్ట్ కిట్ తప్పక కొనండి, సున్నా కాకపోతే ఏదో ఎక్కడో కుళ్లుతోంది. రాయి వెనక చచ్చిన ఒక్క పెద్ద నత్త చాలు, చిన్న తొట్టిలో మిగతావాటినీ వెంట తీసుకుపోతుంది. రోజూ దీపం పెట్టే వేళకు నత్తల్ని లెక్కపెట్టడం నాకు అలవాటైపోయింది.

27. నత్త గుల్ల ఖాళీగా దొరికి, పక్కనే హెర్మిట్ పీత కొత్త ఇంట్లో కనబడితే హంతకుడు దొరికినట్టే. రకరకాల సైజుల ఖాళీ గుల్లలు నాలుగు ఎక్కువ వేయండి, ఇల్లు కోసం హత్యలు తగ్గుతాయి.

28. రాత్రి లైట్లు తీసిన గంటకు టార్చికి ఎర్ర జిలుగు కాగితం చుట్టి చూడండి. ఆ వెలుగు చాలా జీవాలకు ఆనదు, పగలు కనబడని దొంగలంతా అప్పుడు బయటికొస్తారు.

29. రాత్రిళ్లు తొట్టిలోంచి టక్, టక్ మని చప్పుడొస్తుంటే రాళ్లతో పాటు మాంటిస్ రొయ్య వచ్చిందేమో చూడండి; కొన్నిసార్లు చిటికెల రొయ్య కూడా అలాగే కొడుతుంది, అదంత ప్రమాదం కాదు. మాంటిస్ రొయ్య మాత్రం నత్త గుల్లను కొట్టి పగలగొడుతుంది, ఉత్త చేత్తో వెతకొద్దు.

30. దొంగను పట్టడానికి చిన్న ప్లాస్టిక్ సీసా మెడ కోసి, తిరగేసి లోపలికి దూర్చండి, అడుగున చేప ముక్క వేయండి. రాత్రి పెడితే పొద్దున్నకు లోపల ఉంటుంది, పైసా ఖర్చు లేదు.

31. చచ్చిన రొయ్య మీద వెంట్రుకల పురుగులు కనబడగానే అవే చంపాయనుకోకండి. అవి చాలావరకు చచ్చినదాన్ని శుభ్రం చేసేవే. కాకుల్ని చూసి హత్య చేసింది కాకులే అన్నట్టు ఉంటుంది. ముట్టుకోవద్దు, ముళ్లు గుచ్చుకుంటాయి.

32. తొట్టి అద్దం తళతళా మెరుస్తుంటే సంబరపడకండి, నత్తలు పస్తులున్నాయని అర్థం. పాలకూర ఆకు వేడి నీళ్లలో ముంచి తీసి రాయి కింద పెట్టండి, మర్నాడు మిగిలింది తీసేయండి.

33. అనంతపురం మార్కెట్లో దొరికే పచ్చి రొయ్యను తొట్టి రొయ్యలకు మేతగా వేయకండి. 1990ల నడుమ నుంచి మన కోస్తా చెరువులను ముంచిన తెల్లమచ్చ వైరస్ ఫ్రిజ్‌లో పెట్టినా చావదు, పీతలకూ అంటుకుంటుంది. బాగా ఉడికించి వేస్తే ఆ భయం ఉండదు. చేపలకు వచ్చే తెల్లమచ్చలు వేరు, ఇది వేరు.

34. రొయ్య సగం కుబుసంలో ఇరుక్కుని చచ్చిందంటే నీళ్లు ఉన్నట్టుండి మారాయేమో చూడండి. సీసాల్లో అమ్మే అయోడిన్, కాల్షియం చుక్కలు కొలవకుండా పోయడం కంటే వారం వారం కాస్త నీళ్లు మార్చడమే చౌక, క్షేమం.

35. అద్దం తుడిచే అయస్కాంతం, క్లిప్పులు, పంపు ఇరుసు మీద తుప్పు ఉందేమో నెలకొకసారి చూడండి. ఉప్పు నీళ్లలో ఇనుము ఎంతోకాలం ఆగదు, ప్లాస్టిక్ క్లిప్పు రెండు రూపాయల పని.

36. సముద్రం నుంచి తెచ్చిన కోరల్, సముద్ర దోసకాయ చౌకగా ఇస్తామని ఎవరైనా అంటే వద్దని చెప్పండి. రెండూ వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001 నుంచి పులితో సమానంగా రక్షణలో ఉన్నాయి. పైగా సముద్ర దోసకాయ పంపులో నలిగిందంటే విషం వదిలి తొట్టి మొత్తాన్ని ముంచుతుంది.

37. హంతకుడు దొరకనప్పుడు నీళ్లన్నీ పారబోసి కడగకండి, ఉన్నవి కూడా పోతాయి. పావు వంతు నీళ్లు మార్చి, కొత్త యాక్టివేటెడ్ కార్బన్ సంచి ఫిల్టర్లో వేయండి, రెండు రోజుల తర్వాత మరో పావు వంతు మార్చండి.

38. ఆ తర్వాత నెలరోజులు ఏమీ కొనకండి. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఒక్క రొయ్యనే తెప్పించండి. అది కుబుసం విడిచి, కొత్త మీసాలతో రాయి మీదికి ఎక్కి కూర్చుంటే రెండోదానికి ఫోన్ కొట్టొచ్చు.