పాత టోపో షీటులో రైలు దారి

అబ్దుల్లాపూర్‌మెట్ మండలం బాటసింగారం విజయవాడ రహదారి మీది ఊరు. సర్వే ఆఫ్ ఇండియా విభజనలో ఈ ప్రాంతం 56కె షీటులోకి వస్తుంది. ఈ షీటు హద్దులు: ఉత్తర అక్షాంశం 17–18 డిగ్రీలు, తూర్పు రేఖాంశం 78–79 డిగ్రీలు.

ఊరికి ఉత్తరాన ఘట్‌కేసర్, బీబీనగర్ మీదుగా సికింద్రాబాద్–కాజీపేట లైను సాగుతుంది. నిజాం ప్రభుత్వం వేయించిన మొదటి రైలు మార్గం వాడి–సికింద్రాబాద్ (1874). సికింద్రాబాద్ నుంచి లైను 1886లో వరంగల్‌కు, 1889లో బెజవాడకు (నేటి విజయవాడ) చేరింది.

గుర్తుంచుకోండి
- సర్వే ఆఫ్ ఇండియా: స్థాపన 1767, ప్రధాన కార్యాలయం డెహ్రాడూన్.
- మహా త్రికోణమితి సర్వే: 1802లో మద్రాసులో లాంబ్టన్ ప్రారంభించారు.
- పాత స్కేలు: అంగుళానికి మైలు (1:63,360). ఇప్పటిది 1:50,000, అంటే 2 సెం.మీ.కు 1 కి.మీ.
- రంగులు: రైలు మార్గాలు నలుపు, రోడ్లు, ఇళ్లు ఎరుపు, సమోన్నత రేఖలు గోధుమ, అడవులు ఆకుపచ్చ, సాగుభూమి పసుపు.
- నీరు నిలిచే చెరువు నీలం. ఎండిపోయే వాగు నలుపు. ఇక్కడే చాలామంది తప్పు రాస్తారు.
- బ్రాడ్‌గేజ్ 1,676 మి.మీ., మీటర్‌గేజ్ 1,000 మి.మీ. స్టేషన్ పక్కన ‘ఆర్‌ఎస్’ అని ఉంటుంది.

మాదిరి ప్రశ్నలు
1:50,000 పటంలో రెండు స్టేషన్ల మధ్య 18 సెం.మీ. ఉంటే అసలు దూరం ఎంత?
జవాబు: 9 కి.మీ.

56కెలో 15 నిమిషాల షీట్లు ఎన్ని?
జవాబు: 16.