ధర్మం మీటరు తీసెయ్, తమ్మీ

హన్మకొండ

తమ్మీ,

నువ్వూ నీ స్నేహితులూ తయారుచేస్తున్న ఆట ఆడాను. పాకాల చెరువు అడుగున నాగలోకం, పున్నమి రాత్రి మాత్రమే తెరుచుకునే కీర్తితోరణం, గుర్రం దిగి నడిచి వస్తేనే నోరు విప్పే రాతి ఏనుగులు, ఇవి ఓరుగల్లు మట్టిలో ఆడుకున్నవాళ్లకే తట్టే ఊహలు. ఆ సంతోషమంతా ఫోన్‌లో చెప్పేశాను. ఫోన్‌లో చెబితే తెగని సంగతి ఒకటి మిగిలింది, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

కరువు గూడెం ఘట్టం గురించి. ఆడేవాడు కాకతీయ సేనలో ఒక నాయకుడు. వానల్లేక పంట పోయిన గూడేనికి కప్పం కోసం వస్తాడు. గూడెం పెద్ద ఏమీ మాట్లాడకుండా ఖాళీ గాదె తలుపు తీసి చూపిస్తాడు. చాలా మంచి దృశ్యం అది. తర్వాత రెండు బటన్లు వస్తాయి: ‘వసూలు చెయ్యి’, ‘వదిలెయ్యి’. వదిలెయ్యి నొక్కగానే స్క్రీన్ మూలన పచ్చటి అక్షరాల్లో ‘ధర్మం +10’ అని వెలిగింది. అప్పటిదాకా నా చూపు ఆ ముసలాయన మొహం మీద ఉంది. ఆ వెలుగు చూశాక మూలనున్న అంకె మీదికి పోయింది, ఆట అయ్యేదాకా మళ్లీ వెనక్కి రాలేదు. తర్వాతి ఊళ్లో ఎవరు ఆకలితో ఉన్నారని నేను వెతకలేదు, ఇంకో పది ఎక్కడ దొరుకుతుందా అని వెతికాను. నా వరకే కాదు, ఆ మీటరు ఉన్నంతకాలం ఎవరు ఆడినా అదే జరుగుతుంది.

మీటరు ఆలోచన తనంతట తాను చెడ్డది కాదు. మన భారతంలోనే ఉంది. ధర్మరాజు రథం నేలకు నాలుగు వేళ్ల ఎత్తున నడిచేదని, అశ్వత్థామ చచ్చాడని ద్రోణుడికి ఆ సగం నిజం చెప్పగానే నేలకు దిగిందని కథ. మనిషి గుణాన్ని కంటికి కనిపించేలా చెయ్యడం అంటే ఇదే. ఎవరూ వివరించనక్కర్లేదు, చిన్నపిల్లలకు కూడా గుండెలో దిగుతుంది. కానీ ఆ రథం లెక్క ఎలాంటిదో చూడు. అన్నేళ్లు ఆడిన నిజమంతా పోగుపడి ఆ ఒక్క మాటను మాఫీ చెయ్యలేదు. ఆ తర్వాత ఎన్ని దానాలు చేసినా రథం మళ్లీ పైకి లేచిందని మనకెవరూ చెప్పలేదు. పైగా ఆ మాట వల్లే ద్రోణుడు పడ్డాడు, పాండవులకు గెలుపు దగ్గరైంది. గెలుపూ నష్టమూ ఒకే వాక్యంలో వచ్చాయి. నీ ‘+10’లో ఈ మెలిక లేదు.

వీడియో ఆటల్లో మనిషి గుణాన్ని కొలిచే పని శ్రద్ధగా చేసినవాళ్లలో ముందు చెప్పుకోవలసినవాడు రిచర్డ్ గారియట్. 1985లో వచ్చిన ‘అల్టిమా 4’ అతనిది. గెలవాలంటే ఊరివాళ్లను చంపి దోచుకోవడమే సులువైన దారిగా ఉన్న ఆటలు అతన్ని కలవరపెట్టాయి. అందుకని చంపాల్సిన మహారాక్షసుడు అంటూ లేని ఆట చేశాడు. నిజాయితీ, కరుణ, ధైర్యం, న్యాయం, త్యాగం, గౌరవం, ఆధ్యాత్మికత, వినయం అనే ఎనిమిది గుణాలు సాధించి ‘అవతార్’ కావడమే అందులో గమ్యం. ఆ మాట మన దశావతారాల నుంచి వెళ్లిందే. అందులో మందుదినుసులు అమ్మే గుడ్డి ఆమె ఉంటుంది. ఎంత ఇచ్చావో నువ్వే చెప్పాలి. తక్కువ ఇచ్చినా ఆమె ఏమీ అనదు, ఆట కూడా అక్కడ ఏమీ అనదు. కానీ నిజాయితీ తగ్గిపోతుంది. నీ నడత ఎలా ఉందో తెలుసుకోవాలంటే రాజుగారి కోటలో హాక్‌విండ్ అనే జ్ఞాని దగ్గరికి వెళ్లి అడగాలి, ఆయన మాటల్లో చెబుతాడు తప్ప అంకె చెప్పడు. నలభై ఏళ్ల నాటి ఆట, పిడికెడు మెమొరీతో నడిచింది. అయినా ఎవరూ చూడనప్పుడు మనం ఏం చేస్తామన్న ప్రశ్న అడగగలిగింది. దాని బలహీనత కూడా అందులోనే ఉంది. బిచ్చగాడికి ఒక్కో నాణెం చొప్పున మళ్లీ మళ్లీ వేస్తే కరుణ పెరుగుతుంది. లోపల లెక్క ఉందని కనిపెట్టినవాడికి బిచ్చగాడు మనిషిగా కనిపించడం మానేస్తాడు.

2004లో ‘ఫేబుల్’ ఆ లెక్కను ఒంటి మీదికే తెచ్చింది. మంచి చేస్తే తల చుట్టూ కాంతివలయం, సీతాకోకచిలుకలు. చెడు చేస్తే కొమ్ములు, ఈగలు. పిల్లలకు భలే నచ్చింది. అయితే ఊరిని నాశనం చేసి, గుడికి కావలసినంత బంగారం సమర్పించుకుంటే కొమ్ములు పోతాయి. ఇలాంటి బేరం మన దగ్గరా కొందరు హుండీతో కుదుర్చుకుంటారు, కానీ దాన్ని ఆట నియమంగా పెడితే ఆటే ఆ బేరాన్ని ఒప్పుకున్నట్టు. ఇంకొన్ని ఆటల్లో మంచి, చెడు చెరో వైపు ఉంటాయి, ఏదో ఒక చివరికి పూర్తిగా వెళ్లినవాడికే గొప్ప శక్తులు ఇస్తారు. దాంతో మొదటి గంటలో ‘నేను మంచివాణ్ణి’ అని ఒకసారి తేల్చుకుంటే చాలు, ఆ తర్వాత ఎంపిక అంటూ ఏమీ మిగలదు. ‘మాస్ ఎఫెక్ట్’లో సుమారు 92 శాతం మంది మంచి దారే పట్టారని ఆ ఆటకు పనిచేసిన జాన్ ఎబెంగర్ 2020లో చెప్పాడు. చెడు దారి కోసం అంత కష్టపడి రాసిన సన్నివేశాలను చూసినవాళ్లే తక్కువ. జనం మంచివాళ్లని దానికి సంతోషించవచ్చు. ఆ ప్రశ్న మరీ తేలికైపోయిందని కూడా అనుకోవచ్చు, నేను అలాగే అనుకుంటాను.

శివరాత్రి జాగారంలో అమ్మమ్మ పరిచే వైకుంఠపాళి నీకు గుర్తుండే ఉంటుంది. పుణ్యం నిచ్చెన, పాపం పాము. అందులో ఎంపిక లేనే లేదు, గవ్వలు ఎలా పడితే అలా. నీతి పాఠం ఉంది, నీతి పరీక్ష లేదు. వీడియో గేమ్‌కు ఉన్న అసలు బలం ఇక్కడే తెలుస్తుంది. పురాణం వినేటప్పుడు అబద్ధమాడింది ధర్మరాజు. ఆటలో అబద్ధమాడేది నా బొటనవేలు. ఏ కథకుడూ ఇవ్వలేని బరువు అది.

ఆ బరువును సేవ్, లోడ్ అనే రెండు బటన్లు ఎత్తి పారేస్తాయి. తప్పు చేశావు, నచ్చలేదు, వెనక్కి వెళ్లి దిద్దుకున్నావు, ఎవరికీ తెలియదు. 2015లో టోబీ ఫాక్స్ చేసిన ‘అండర్‌టేల్’ ఈ దొంగతలుపు దగ్గర కాపు కాసింది. తల్లిలా చేరదీసిన టోరియెల్‌ను చంపి, బాధపడి, పాత సేవ్ తెరిచి ఈసారి వదిలేశావనుకో, తర్వాత ఒక పాత్ర వచ్చి నువ్వేం చేశావో నాకు తెలుసంటుంది. ఆమె బతికే ఉంది, నీ చేతికి మాత్రం ఆ పని గుర్తుంది. నిన్ను శిక్షించరు, గుర్తుపెట్టుకుంటారు, అంతే. అదే సంవత్సరం వచ్చిన ‘విచర్ 3’లో చెట్టు వేళ్ల కింద బందీగా ఉన్న ఆత్మను విడిపిస్తే అనాథపిల్లలు బతుకుతారు, పక్క ఊరు మాత్రం నెత్తురుమడుగవుతుంది. ఆ సంగతి ముందుగా ఎవరూ హెచ్చరించరు. 2023 నాటి ‘బాల్డర్స్ గేట్ 3’లో శరణార్థుల మీద దాడికి దిగితే విల్, కార్లాక్ అనే సహచరులు నిన్ను విడిచిపోతారు. అంకె తగ్గడానికీ, స్నేహితుడు వెళ్లిపోవడానికీ ఎంత తేడా ఉందో ఆలోచించు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. విచర్ తర్వాత అందరూ ‘బూడిదరంగు నీతి’ అని మొదలుపెట్టారు. ఏ దారిలో వెళ్లినా సమానంగా చెడ్డదే అయితే అది లోతు కాదు, సోమరితనం. కొన్ని పనులు తప్పు, తప్పే. కరువులో ఉన్న గూడెం మీదికి సైన్యాన్ని పంపడం తప్పు. నీ ఆట ఈ మాట దాచక్కర్లేదు. తప్పని తెలిసిన పనిని మనుషులు ఎందుకు చేస్తారన్నది అది చూపించాలి.

దానికి కావలసిన సరుకంతా మన ఉమ్మడి వరంగల్ జిల్లా కథలోనే ఉంది. నువ్వు రాసింది మేడారం కథే, పేర్లు మార్చావు. ఆ పని సరైందే. కరువు వల్ల పగిడిద్దరాజు కప్పం కట్టలేకపోయాడు, ప్రతాపరుద్రుడు సేనను పంపాడు, సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజు, జంపన్న పోరాడారు, జంపన్న పడిన సంపెంగవాగు జంపన్నవాగు అయింది, సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి కుంకుమభరిణెగా మారిందని జనం నమ్మిక. ఇంతవరకు నువ్వు వాడుకున్నావు. ఇంకో వైపు చూడలేదు. 1310లో ప్రతాపరుద్రుడు మాలిక్ కాఫుర్‌తో సంధి చేసుకుని ఏనుగులు, గుర్రాలు, ధనరాశులు అప్పగించి, ఏటేటా కప్పం పంపడానికి ఒప్పుకున్నాడు. 1323లో కోట పూర్తిగా పడిపోయింది. కోయల పాటల్లోని మేడారం యుద్ధానికి తేదీ లేదు, కానీ ఆట ఊహాలోకమే కాబట్టి ఆ యుద్ధాన్నీ ఈ సంధినీ నువ్వు పక్కపక్కన పెట్టవచ్చు. కప్పం అడుగుతున్న రాజు కూడా కప్పం కట్టాల్సినవాడే. గూడెంలో వదిలేసిన ధాన్యం కోటలో లోటు అవుతుంది. నాయకుడు గాదె చూసి వెనక్కి వెళ్లాడు, ఆ లోటు ఎవరి మీద పడింది? ఇంకో ఊరి మీదా, చెరువు కట్ట మరమ్మతుకు పెట్టుకున్న డబ్బు మీదా? ఆడేవాడు ఆ కట్ట తెగిన ఊరిని తర్వాత ఎప్పుడో చూడాలి. అప్పుడు కూడా వదిలెయ్యడం తప్పయిందని ఆట అనకూడదు. వదిలేశావు, దాని ఖరీదు ఇంకొకరు కట్టారు, అంతవరకే.

మరి మీటరు తీసేస్తే దాని స్థానంలో ఏం పెట్టాలి? రెండు జ్ఞాపకాలు పెట్టు: ఒకటి రాయి, ఒకటి పాట. కాకతీయులు తాము చేసిన మంచిని రాతి మీద చెక్కించారు. తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాత రాజులు లాక్కునేవారు. అలా చెయ్యం, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటాం అని గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో అభయశాసనం వేయించాడు. ఎంత గొప్ప నైతిక నిర్ణయమో చూడు, ఒకసారి రాతికెక్కాక రాజు కూడా దాన్ని సులువుగా దాటలేడు. మేడారం యుద్ధం మాత్రం రాతి వల్ల కాదు, కోయల డోలి పాటల వల్ల బతికింది. 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య గారు పాడింది ఆ సంప్రదాయమే. 1996లో రాష్ట్ర పండుగ అయిన మేడారం జాతరకు రెండేళ్లకోసారి మాఘ పున్నమికి కోటికి పైగా జనం బెల్లం నెత్తిన పెట్టుకుని వస్తారు. వాళ్లు కొలిచే సమ్మక్క, సారలమ్మలు ఆ యుద్ధంలో ఓడినవాళ్లు. ఏ మీటరు కొలుస్తుంది దీన్ని?

కాబట్టి నీ ఆటలో నాయకుడు చేసిన పని గురించి కోట గుమ్మం దగ్గర ఒక శాసనం లేవాలి, అడవిలో ఒక పాట పుట్టాలి. వసూలు చేస్తే రాయి ‘రాజ్యరక్షకుడు’ అంటుంది, పాట ఇంకోటి అంటుంది. వదిలేస్తే రాయి మీద అసలు పేరే ఉండదు, పాటలో ఉంటుంది. ఆడేవాడు ఈ రెండూ విని తనేమిటో తనే తేల్చుకుంటాడు. నీకు పని కూడా తగ్గుతుంది. మీరు నలుగురే, ప్రతి ఊళ్లో ఎంపిక పెడితే కథ కొమ్మలు కొమ్మలై చేయిదాటిపోతుంది. మూడు నాలుగు నిర్ణయాలు చాలు, కానీ ప్రతి ఒక్కటీ పాటలోకీ రాతిలోకీ ఎక్కాలి.

యుద్ధ ఘట్టంలో నువ్వు పెట్టిన మూడో దారి మాత్రం నాకు నచ్చలేదు. మంత్రపు మణి తెస్తే ఎవరూ చావకుండా అంతా సర్దుకుంటుంది. 2009లో ‘డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్’లో ఇలాంటిదే చేశారు. దయ్యం పట్టిన పిల్లవాణ్ణి చంపాలా, వాడి కోసం తల్లిని బలివ్వాలా అన్న భయంకరమైన ప్రశ్న వేసి, మాంత్రికుల గోపురానికి వెళ్లి సాయం తెచ్చుకోవచ్చని సందు ఇచ్చారు. వెళ్లి వచ్చేదాకా ఊరు చెక్కుచెదరకుండా కూర్చుని ఉంటుంది. ఆ సందు ఉందని తెలిసిన క్షణం ఆ ప్రశ్న చచ్చిపోయింది. మణి ఉంచాలనుకుంటే ఉంచు, కానీ దానికోసం వెళ్లినన్ని రోజులూ గూడెంలో ఆకలి ఆగకూడదు.

ఇంకొకటి. సమ్మక్కను తలపించే పాత్రను ఆడేవాడి చేతికి ఇవ్వకు. కోట్లమందికి ఆమె ఇప్పటికీ గద్దె మీదికి వచ్చే తల్లి. ఆ ఘట్టం రాసేముందు ములుగు వైపు వెళ్లి కోయ పెద్దలతో కూర్చో, ఏది చూపించవచ్చో ఏది చూపించకూడదో వాళ్లనే అడుగు. నాకు తెలిసిన ఉపాధ్యాయులు తాడ్వాయిలో ఉన్నారు, పరిచయం చేస్తాను. వాళ్లు వద్దన్నది బాగా వచ్చిన సన్నివేశమైనా తీసెయ్యి.

మీటరు లేని బిల్డ్ ఎప్పుడు తయారైతే అప్పుడు పంపు. పాట రాసేవాళ్లు దొరక్కపోతే ముందు మాటలతోనే పెట్టు, రాగం తర్వాత చూసుకోవచ్చు. బాపు కూడా ఆడతానంటున్నాడు. ఆయన లాప్‌టాప్ పాతది, గ్రాఫిక్స్ తగ్గించుకునే సెట్టింగ్ ఒకటి పెట్టు.

మీ అక్క