పాఠం: ప్రకృతి దృశ్యంలో మనిషి చోటు

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ప్రకృతి దృశ్య చిత్రం అంటే ఏమిటో చెప్పగలుగుతారు.
• ఆధునిక చిత్రకారులు దానిని ఎలా మార్చారో ఉదాహరణలతో వివరించగలుగుతారు.

1. పరిచయం

సూరత్‌లోని లింబాయత్, ఉధనా ప్రాంతాలలో తెలంగాణ నుండి వలస వెళ్ళిన నేత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అలాంటి ఒక ఇంటి గోడకు క్యాలెండరు ఉందనుకోండి. అందులో కొండలు, జలపాతం, ఒక గుడిసె ఉన్నాయి. కిటికీ తెరిస్తే ఇరుకు సందు, కరెంటు తీగలు, సాంచెల చప్పుడు. ఈ రెండింటిలో బొమ్మకు తగినది ఏది? క్యాలెండరులోనిదే అని చాలామంది అంటారు. మీరేమంటారు?

2. మారిన చూపు

కొండలు, నదులు, చెట్లు, ఆకాశం ప్రధానంగా ఉండే చిత్రాన్ని ప్రకృతి దృశ్య చిత్రం అంటాము. ఇందులో మనిషి తరచుగా చిన్నగా కనిపిస్తాడు, లేదా అసలే కనిపించడు.

1981లో బొంబాయి, ఢిల్లీలలో ‘ప్లేస్ ఫర్ పీపుల్’ అనే ప్రదర్శన జరిగింది. ‘మనుషులకు చోటు’ అని దీని అర్థం. పాల్గొన్న ఆరుగురు చిత్రకారులలో ఇద్దరి గురించి తెలుసుకుందాం.

గులాం మొహమ్మద్ షేక్: సూరత్‌కు ఉత్తరాన ఉన్న బరోడా (నేటి వడోదర) లలితకళల కళాశాలలో బోధించారు. 1981-84 మధ్య ఆ నగరాన్నే ‘సిటీ ఫర్ సేల్’ అనే పెద్ద చిత్రంగా వేశారు. సినిమా హాలు, కూరగాయల బండి, మతకలహాలు అన్నీ ఒకే చిత్రంలో కనిపిస్తాయి. ఇది ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

సుధీర్ పట్వర్ధన్: వృత్తిరీత్యా ఎక్స్-రే వైద్యులుగా పనిచేశారు. 2001లో ముంబయి మిల్లుల ప్రాంతాన్ని ‘లోయర్ పరేల్’ పేరుతో చిత్రించారు. అక్కడి మిల్లులలో తెలుగు నేత కార్మికులూ పనిచేశారు. 1982 సమ్మె తరువాత చాలా మిల్లులు మూతపడ్డాయి.

3. ఎందుకు మార్చారు?

చోటు అంటే అందం మాత్రమే కాదు, అక్కడ బతికినవారి అనుభవం కూడా. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుండి వదిలిన నీటితో తాపీ నది పొంగి, సూరత్‌లో చాలా భాగం మునిగింది. ఆ వరదను చూసినవారు నదిని బొమ్మ వేస్తే, గోడమీద మిగిలిన నీటి గుర్తును మరచిపోగలరా?

పాఠంలోని ప్రశ్నలు

1. ‘ప్లేస్ ఫర్ పీపుల్’ అన్న పేరు ఆ ప్రదర్శనకు ఎలా తగింది?
2. క్యాలెండరు బొమ్మకు, ‘సిటీ ఫర్ సేల్’ చిత్రానికి గల రెండు తేడాలు రాయండి.

చేసి చూడండి

మీ ఇంటి గుమ్మంలో నిలబడండి. కనిపించేదంతా పది వాక్యాలలో రాయండి. అందంగా లేదని దేనినీ వదిలిపెట్టకండి.