డీజిల్ చుక్క ఎలా మండుతుందో చూద్దాం

జైపూర్ మండలం పెగడపల్లిలోని సింగరేణి థర్మల్ ప్లాంటులో 600 మెగావాట్ల యూనిట్లు రెండున్నాయి. నడిచేది బొగ్గుతోనే. కానీ ఇలాంటి బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు బొగ్గుపొడి నేరుగా అంటుకోదు. ముందు నూనెను తుంపరగా కొట్టి మంట పెట్టాలి. తుంపరే ఎందుకంటే, చుక్క మండే కాలం దాని వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. వ్యాసం పదోవంతైతే కాలం నూరోవంతే. మనం మామూలు డీజిల్, బ్యూటనాల్ కలిపిన డీజిల్, నీళ్లు కలిపిన డీజిల్ ఒక్కో చుక్కను తీగకు వేలాడదీసి మండించి చూద్దాం. ఇంట్లో మాత్రం వద్దు. కాలేజీ ల్యాబులో, లెక్చరర్ పక్కనుండగానే.

కావలసినవి

డీజిల్, ఎన్-బ్యూటనాల్, డిస్టిల్డ్ వాటర్, స్పాన్ 80 (నూనెలో నీళ్లను కలిపి ఉంచే ఎమల్సిఫైయర్), మాగ్నెటిక్ స్టిరర్, ఇన్సులిన్ సిరంజి, సన్నని నైక్రోమ్ తీగ, పొడుగు మూతి లైటర్, స్లో మోషన్ ఉన్న ఫోను, ఇసుక ట్రే, సేఫ్టీ కళ్లద్దాలు.

చేసే పద్ధతి

1. ఒక సీసాలో 18 మి.లీ. డీజిల్‌లో అర మి.లీ. స్పాన్ 80 కలుపుదాం. స్టిరర్ తిరుగుతుండగా 2 మి.లీ. నీళ్లు చుక్కచుక్కగా వదలాలి. తెల్లగా మారితే ఎమల్షన్ అయినట్టే.
2. ఒక చుక్కను గ్లాసు నీళ్లలో వేద్దాం. కలిసిపోకుండా తేలాలి. కలిసిపోతే నూనెలో నీరు కాదు, నీటిలో నూనె తయారైంది, మళ్లీ మొదలుపెట్టాలి.
3. మరో సీసాలో 16 మి.లీ. డీజిల్, 4 మి.లీ. బ్యూటనాల్ కలుపుదాం.
4. సీసాలకు మూతలు బిగించి దూరపు బల్లమీద పెట్టాకే లైటర్ ముట్టుకుందాం.
5. తీగ కొనకు మిల్లీమీటరంత చుక్క అంటించి, ఫోను ఆన్ చేసి వెలిగిద్దాం. అంటుకోగానే లైటర్ తీసేయాలి.
6. మొదట డీజిల్, తర్వాత బ్యూటనాల్ మిశ్రమం, చివరికి ఎమల్షన్.

డీజిల్ చుక్క నిమ్మళంగా చిక్కిపోతూ సుమారు సెకనులో అయిపోతుంది. బ్యూటనాల్ 118 డిగ్రీలకే మరుగుతుంది, డీజిల్‌లో ఎక్కువ భాగానికి 180 దాటాలి. అందుకే లోపల చిక్కుకున్న బ్యూటనాల్ బుడగలై చుక్కను ఉబ్బించవచ్చు. ఎమల్షన్‌ది పోపులో నీటిచుక్క పడ్డ తీరు: లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై చుక్కను చీల్చేస్తుంది. దీన్నే మైక్రో ఎక్స్‌ప్లోజన్ అంటారు. చిన్న ముక్కలైతే త్వరగా కాలతాయి, మసీ తగ్గుతుంది.

జరిగే పొరపాట్లు

నీళ్లన్నీ ఒకేసారి పోయడం అందరూ చేసేదే, ఎమల్షన్ కట్టదు. కట్టినా నిలవుంచితే విడిపోతుంది, కలిపిన వెంటనే వాడాలి. మిక్సీలో తిప్పాలని అస్సలు చూడొద్దు, మోటారు నిప్పురవ్వ చాలు.

లావు తీగ వేడిని లాగేస్తుంది. సన్నదైనా దానిమీద బుడగలు ముందే పుడతాయి కాబట్టి, బాయిలర్‌లో ఎగిరే చుక్క ఇదే క్షణంలో పగులుతుందనుకోకూడదు. తీగకు మసి మిగిలితే ఇంకా ముందే పగులుతుంది. ప్రతి చుక్కకూ ముందు తుడవాలి.

ట్రేలో నూనె అంటుకుంటే నీళ్లు పోయొద్దు, ఇసుక చల్లుదాం.