బుట్టచేతుల కొట్టు పిల్లలు

విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండు ఊళ్లలో కొట్ల ముందు తీసిన ఫొటోలు ఎప్పుడైనా చూశావా అక్కా? పైన పెద్ద బోర్డు, అద్దాల వెనక వేలాడే బట్టలు, గుమ్మంలో యజమాని, ఆయనకు అటూ ఇటూ బారుగా పనివాళ్లు. ఫొటో మీద తారీఖు లేకపోయినా ఫర్వాలేదు, ఆడపిల్లల గౌను చేతులు చూడు. భుజం మీద చిన్న కుచ్చు లేచి, కిందంతా చేతికి అతుక్కుని ఉంటే 1890 ప్రాంతం. మోచేతి దాకా పెద్ద బుట్టచేతులా? అయితే 1895కి కాస్త అటూ ఇటూ. రెండేళ్లు తిరిగేసరికి ఆ ఉబ్బంతా దిగిపోయింది. నడుము వెనక గౌను మూట కట్టినట్టు ఎత్తుగా ఉంటే ఇంకా ముందుది, 1885 నాటిది అయ్యుండొచ్చు.

పెద్దావిడల్ని చూసి మాత్రం లెక్క కట్టకు. పదేళ్ల నాటి గౌనునే విప్పి కుట్టించుకుని దర్జాగా నిలబడతారు. మన అమ్మలు చెయ్యలేదూ! కొట్టు పిల్లకి ఆ వీలు లేదు. ఫ్యాషన్ అమ్మే మనిషి పాతకాలంగా కనిపిస్తే బేరం సాగుతుందా?

బట్టల కొట్లలో ఈ పిల్లలకి నల్ల గౌనే రివాజు, అదీ చాలాచోట్ల సొంత డబ్బుతోనే. రంగుల ముచ్చట లేదు కాబట్టి ఆ సరదా అంతా చేతుల్లో తీర్చుకున్నారని నాకనిపిస్తుంది.

ఆ చేతుల కింద కాళ్ల సంగతి ఫొటోలో తెలీదు. పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలువుకాళ్ల మీదే. పడక కూడా చాలామందికి కొట్టు మీది గదుల్లోనే, మాట జారినా ఆలస్యమైనా జరిమానా. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లతో వారానికి 74 గంటలకు మించి పని చేయించొద్దని 1886లో చట్టం తెచ్చారంటే, అంతకుముందు ఎలా ఉండేదో నువ్వే ఊహించుకో. 1899లో ఇంకో చట్టం: ముగ్గురు ఆడవాళ్లకి కనీసం ఒక కుర్చీ వెయ్యాలని. ముగ్గురికి ఒకటట, వంతులేసుకోవాలి కాబోలు! నవ్వకు, కొట్లలో కూర్చునే హక్కు కోసం కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో చట్టం చెయ్యాల్సి వచ్చింది.

ఆ ఇంగ్లండు కొట్ల గుట్టు విప్పినవాళ్లలో ఒకావిడ కొట్టు పిల్లే. మార్గరెట్ బాండ్‌ఫీల్డ్ పద్నాలుగేళ్లకే బ్రైటన్ వైపు బట్టల కొట్లో పనికి కుదిరింది. తర్వాత గ్రేస్ డేర్ అనే మారుపేరుతో కొట్టు పనివాళ్ల పత్రికకి రాసేది. 1929లో బ్రిటన్ కేబినెట్‌లో మొదటి మహిళా మంత్రి అయింది. ఏ శాఖో తెలుసా? కార్మిక శాఖ!