చిన్న కమతాల కొలతలో జీపీఎస్: స్థిర, చలన సర్వే పద్ధతులు

సారాంశం

పొలం హద్దులు, నేల వాలు, ప్రయోగ మళ్ళ స్థానాలు కొలవడానికి జీపీఎస్ రిసీవర్ల వాడకం విస్తరిస్తున్నది. రిసీవరు ఎంత ఖరీదైనదైనా, ఫలితం విశ్వసనీయత ఎంచుకున్న పద్ధతి మీద, చేసిన సరిచూపు మీద ఆధారపడుతుంది. ఆధార బిందువుల స్థాపనకు స్థిర పద్ధతి, హద్దులు, గట్లు, ఎత్తుల సేకరణకు చలన పద్ధతి అనువైనవి. ఒకటి మరొకదానికి ప్రత్యామ్నాయం కాదు. ఈ రెండు పద్ధతుల సూత్రాన్ని, క్షేత్రస్థాయి ఆచరణను, విస్తీర్ణం, ఎత్తుల గణనలో దొర్లే దోషాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

ఉపోద్ఘాతం

తెలుగు ప్రాంతాల్లో పొలం కొలత చాలాకాలం గొలుసు, క్రాస్ స్టాఫ్‌ల మీద ఆధారపడింది. ఆంధ్ర ప్రాంతంలో ఎఫ్‌ఎంబీ, తెలంగాణలో టిప్పన్ అనే పటాలు ఆ కొలతల ఫలితాలే. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన భూముల రీసర్వేలో నిరంతర ఆధార కేంద్రాలు, డ్రోన్లు, రోవర్లు వినియోగంలోకి వచ్చాయి. ఫలితంగా ‘రోవర్’ అనే మాట గ్రామాల్లో సైతం పరిచితమైంది. పరిశోధన క్షేత్రాల పటాల తయారీ, నేల చదును, మురుగు కాల్వల రూపకల్పన, సూక్ష్మసేద్య పథకాల వంటి పనుల్లో విస్తరణ శాస్త్రవేత్తలు కూడా ఈ పరికరాలను వాడుతున్నారు. చేతిలో ఇమిడే చిన్న రిసీవరు, ఫోను, సర్వే రిసీవరు అనే మూడూ ఉపగ్రహాల సంకేతాలనే అందుకుంటాయి కనుక మూడింటి ఫలితాలూ ఒకటేనన్న భావన విద్యార్థుల్లో తరచు కనిపిస్తుంది. ఈ భావన వల్ల కలిగే నష్టం అందరు రైతుల మీద సమానంగా పడదు.

దోషభారం ఎవరి మీద?

చతురస్రాకార క్షేత్రంలో ప్రతి మూల నిరూపకాల్లోనూ స్వతంత్రమైన దోషం ఉన్నప్పుడు, విస్తీర్ణంలో ప్రామాణిక దోషం భుజం పొడవును నిరూపక దోషంతోను, 1.414తోను గుణించగా వచ్చే విలువకు సమానం. ఒక ఎకరం క్షేత్రం భుజం సుమారు 63.6 మీటర్లు. సాధారణ చేతి రిసీవరు దోషాన్ని 3 మీటర్లుగా తీసుకుంటే విస్తీర్ణంలో దోషం 270 చదరపు మీటర్లు, అనగా దాదాపు ఆరున్నర సెంట్లకు పైమాట. అదే పరికరంతో 25 ఎకరాల క్షేత్రాన్ని కొలిస్తే దోషం 33 సెంట్లు. మొత్తం విస్తీర్ణంతో పోల్చితే ఎకరం రైతుకు ఇది 6.7 శాతం, 25 ఎకరాల రైతుకు 1.3 శాతం మాత్రమే. కమతం చిన్నదయ్యేకొద్దీ దోషం వాటా పెరుగుతుంది.

ఒకే పరికరంతో కొద్ది నిమిషాల వ్యవధిలో కొలిచినప్పుడు నాలుగు మూలల దోషాలు కొంతమేరకు ఒకే దిశలో ఉంటాయి. అందువల్ల వాస్తవ దోషం పైన చెప్పినదానికంటె తగ్గవచ్చు. కానీ ఎంత తగ్గిందో తెలిపే ఆధారం ఆ కొలతలో ఉండదు. నిరూపక దోషం 2 సెంటీమీటర్లకు పరిమితమైతే ఎకరంలో విస్తీర్ణ దోషం 1.8 చదరపు మీటర్లకు దిగివస్తుంది. స్థిర, చలన పద్ధతుల అవసరం ఇక్కడే ఉన్నది.

కొలత సూత్రం

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కి.మీ. ఎత్తున పరిభ్రమిస్తూ సంకేతాలను ప్రసారం చేస్తాయి. సంకేతం చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి రిసీవరు దూరాన్ని గణిస్తుంది. కాలగణనలో సెకనులో వంద కోట్లవ వంతు తేడా వచ్చినా దూరంలో 30 సెం.మీ. తేడా వస్తుంది. చేతి రిసీవరు సంకేతంలోని కోడ్‌ను మాత్రమే చదువుతుంది కనుక దాని ఖచ్చితత్వం మీటర్లకు పరిమితం. సర్వే రిసీవరు ఆ కోడ్‌ను మోసుకువచ్చే వాహక తరంగాన్ని సైతం కొలుస్తుంది. 1575.42 మెగాహెర్ట్జ్ గల ఎల్1 తరంగం పొడవు 19 సెం.మీ. మాత్రమే. అందులో నూరోవంతు వరకు చదవగలిగితే కొలత మిల్లీమీటర్ల స్థాయికి చేరుతుంది.

అయితే ఒక చిక్కు ఉన్నది. తరంగంలోని భిన్నభాగాన్ని రిసీవరు చదవగలదు గాని, ఉపగ్రహానికీ తనకూ మధ్య ఎన్ని పూర్ణ తరంగాలున్నాయో నేరుగా తెలుసుకోలేదు. గొలుసు సర్వేలో చివరి లింకు వరకు జాగ్రత్తగా చదివినా, మొత్తం ఎన్ని గొలుసులు పడ్డాయో లెక్క తప్పితే దూరమంతా తప్పినట్లే. ఆ లెక్క తప్పకుండా ఉండేందుకే గొలుసు పడిన ప్రతిచోటా నేలలో పుల్ల గుచ్చేవారు. జీపీఎస్‌లో ఈ పూర్ణసంఖ్యను నిర్ధారించడమే అసలు సమస్య. స్థిర, చలన పద్ధతులు రెండూ ఈ సమస్యకు రెండు పరిష్కారాలు.

రెండు పద్ధతుల్లోనూ కనీసం రెండు రిసీవర్లు ఒకే సమయంలో, అవే ఉపగ్రహాలను గమనించాలి. రెండింటి కొలతల వ్యత్యాసాన్ని తీసుకున్నప్పుడు గడియార దోషాలు తొలగిపోతాయి. ఉపగ్రహ కక్ష్య, వాతావరణాల వల్ల వచ్చే దోషాలు చాలావరకు తగ్గుతాయి. రెండు రిసీవర్ల మధ్య దూరాన్ని ఆధారరేఖ అంటారు. ఇది పెరిగేకొద్దీ వాతావరణ దోషం పూర్తిగా తొలగదు.

స్థిర పద్ధతి

ఈ పద్ధతిలో రిసీవర్లను త్రిపాదుల మీద నిలిపి, కదల్చకుండా చాలాసేపు సంకేతాలను నమోదు చేస్తారు. ఆకాశంలో ఉపగ్రహాల స్థానాలు మారుతున్నకొద్దీ తప్పు పూర్ణసంఖ్యలు కొలతలతో పొసగక తొలగిపోయి, సరైనది మిగులుతుంది. ద్వి పౌనఃపున్య రిసీవర్లకు కనీసం 20 నిమిషాలు, ఆపై ఆధారరేఖ ప్రతి కిలోమీటరుకు 2 నిమిషాల చొప్పున కలిపి గమనించడం ఆచరణలో ఉన్న నియమం. ఆ ప్రకారం 10 కి.మీ. ఆధారరేఖకు 40 నిమిషాలు కనీసం. చెట్లు, కట్టడాలు ఉన్నచోట గంటకు తగ్గకుండా గమనించడం మేలు. ఇలా సాధించే క్షితిజ ఖచ్చితత్వం సాధారణంగా 3 నుంచి 5 మి.మీ., దానికి తోడు కిలోమీటరుకు సుమారు 1 మి.మీ.

ఒక పరిశోధన క్షేత్రంలో మూడు ఆధార బిందువులు స్థాపించాలనుకున్నప్పుడు పని ఈ క్రమంలో సాగుతుంది. ముందుగా చుట్టూ 15 డిగ్రీల పైన ఆకాశం తెరపిగా ఉండి, ట్రాక్టర్లు, నీటి కాల్వల తవ్వకం వల్ల చెదరని చోట కాంక్రీటు దిమ్మెలు నాటాలి. రేకుల షెడ్లు, విద్యుత్ లైన్లు, ఎత్తైన గోడలకు దూరంగా ఉండాలి. రేకుల మీద పడి వెనుదిరిగిన సంకేతం నేరుగా వచ్చిన సంకేతంతో కలిసి దూరాన్ని పెంచి చూపుతుంది. కనీసం రెండు బిందువులు పరస్పరం కనిపించేలా ఉంటే తరువాత టోటల్ స్టేషన్ వాడకానికి వీలవుతుంది. నమోదు వ్యవధిని అన్ని రిసీవర్లలోనూ ఒకే విధంగా, సాధారణంగా 15 సెకన్లుగా, నిర్ణయించాలి.

యాంటెన్నా ఎత్తును గమనానికి ముందు, తరువాత, మూడు వైపుల నుంచి కొలిచి పుస్తకంలో రాయాలి. ఏటవాలుగా కొలిచిందా, నిలువుగా కొలిచిందా అన్నది తప్పక పేర్కొనాలి. ఈ ఎత్తులో 10 సెం.మీ. పొరపాటు జరిగినా సాఫ్ట్‌వేర్ ఆధారరేఖను నిర్దుష్టంగానే చూపుతుంది. పొరపాటు నేరుగా బిందువు ఎత్తులోకి చేరుతుంది.

మూడు రిసీవర్లతో ఒకే గమనం చేసి, త్రిభుజం మూడు భుజాలూ గణించి, అవి చక్కగా కలిశాయని తృప్తిపడడం విద్యార్థుల్లో కనిపించే ముఖ్యమైన లోపం. ఒక గమనంలో స్వతంత్రమైన ఆధారరేఖల సంఖ్య రిసీవర్ల సంఖ్య కంటె ఒకటి తక్కువ. మూడో భుజం అవే కొలతల నుంచి వచ్చింది కనుక త్రిభుజం కలవడం పరీక్ష అనిపించుకోదు. త్రిపాదులను తిరిగి అమర్చి, మరొక సమయంలో రెండో గమనం చేసి, రెండింటి ఆధారరేఖలతో త్రిభుజం కలిస్తేనే దానిని సరిచూపుగా పరిగణించాలి.

చలన పద్ధతి

ఒక ఎకరంలోని గట్ల వంపులన్నిటినీ స్థిర పద్ధతిలో కొలవాలంటే రోజులు పడుతుంది. చలన పద్ధతిలో ఒక రిసీవరు ఆధార బిందువు మీద స్థిరంగా ఉంటుంది. రోవర్ అనే రెండోదానిని కర్రకు అమర్చి పొలమంతా తిప్పుతారు. మొదట పూర్ణసంఖ్యలను నిర్ధారించుకొని, ఆ తరువాత ఉపగ్రహాల సంకేతం తెగనంతవరకు అవే సంఖ్యలతో సెకనుకొక స్థానాన్ని గణించవచ్చు. సంకేతం తెగితే ఆ లెక్క పోయినట్లే, మళ్ళీ మొదలుపెట్టాలి. కనీసం ఐదు ఉపగ్రహాలు నిరంతరం అందుబాటులో ఉండాలి.

దిద్దుబాటు సమాచారం రేడియో లేదా మొబైల్ ద్వారా రోవర్‌కు అప్పటికప్పుడు చేరితే దానిని ఆర్‌టీకే అంటారు. రెండు రిసీవర్లలోనూ నమోదు చేసుకొని తరువాత కార్యాలయంలో గణిస్తే పీపీకే అంటారు. మొబైల్ సంకేతం సరిగా అందని ఏజెన్సీ ప్రాంతాల్లో పీపీకే అనువైనది. గట్టు పొడవునా నడిచే చోట నిరంతర నమోదు, హద్దురాళ్ళ వద్ద కొన్ని సెకన్లపాటు ఆగి నమోదు చేయడం మంచి పద్ధతి. ఆర్‌టీకేలో సాధించే ఖచ్చితత్వం క్షితిజంగా 1 నుంచి 2 సెం.మీ., ఎత్తులో 2 నుంచి 3 సెం.మీ. ఆధారరేఖ 10 కి.మీ. మించకుండా చూడాలి.

కర్ర నిటారుగా ఉండడం చిన్న విషయంగా కనిపిస్తుంది. 2 మీటర్ల కర్ర ఒక డిగ్రీ వంగితే శిఖరాన ఉన్న యాంటెన్నా 3.5 సెం.మీ. పక్కకు జరుగుతుంది. అంటే పరికరం హామీ ఇచ్చిన దోషం కంటె నీటిబుడగను పట్టించుకోనందువల్ల వచ్చే దోషమే పెద్దది.

తెర మీద ‘ఫిక్స్’ అని కనిపించినంత మాత్రాన స్థానం సరైనదని భావించరాదు. చెట్ల పక్కన పూర్ణసంఖ్య తప్పుగా స్థిరపడి, పదుల సెంటీమీటర్ల దోషంతోనూ ‘ఫిక్స్’ కనిపించవచ్చు. కనుక ప్రతి రోజూ పని మొదట్లోను, చివరను తెలిసిన ఆధార బిందువును కొలవాలి. ముఖ్యమైన హద్దులను, లెక్కను మళ్ళీ మొదటి నుంచి ఆరంభించి, కనీసం అరగంట తరువాత తిరిగి కొలవాలి. రెండు కొలతల తేడా 3 సెం.మీ. దాటితే ఏ ఒక్కదానినీ స్వీకరించరాదు. ఒకటి రెండు గట్ల పొడవును టేపుతో కొలిచి పోల్చడం చవకైన, నమ్మదగిన పరీక్ష.

కొబ్బరి, ఆయిల్‌పామ్, మామిడి తోటల్లో ఆకుల వల్ల సంకేతం తరచు తెగుతుంది. అటువంటిచోట తోట వెలుపల రెండు బిందువులను రోవర్‌తో కొలిచి, అక్కడి నుంచి టోటల్ స్టేషన్‌తో లోపలి మూలలను అందుకోవాలి.

విస్తీర్ణం, ఎత్తు: గణనలో జాగ్రత్తలు

ఆధార రిసీవరును తెలియని స్థానంలో నిలిపి, అది స్వయంగా చూపిన స్థానాన్నే ఆధారంగా తీసుకుంటే క్షేత్రమంతా కొన్ని మీటర్లు పక్కకు జరుగుతుంది. ఆకారం, విస్తీర్ణం చెడవు గాని, మరుసటి రోజు కొలిచిన పక్క క్షేత్రంతో హద్దు కలవదు. తాత్కాలికంగానైనా ఒక దిమ్మె నాటి, ప్రతి రోజూ అదే బిందువుకు అవే విలువలు వాడాలి.

జీపీఎస్ ఫలితాలు డబ్ల్యూజీఎస్-84 ఆధారంగా వస్తాయి. పాత స్థలాకృతి పటాలు ఎవరెస్ట్ దీర్ఘగోళం ఆధారంగా తయారైనవి. పరివర్తన చేయకుండా ఒకదాని మీద మరొకటి ఉంచితే గణనీయమైన తేడా కనిపిస్తుంది. ఇక యూటీఎం నిరూపకాలలో మధ్య రేఖాంశం వద్ద దూరం 0.9996 వంతుకు కుదించుకుపోతుంది. తెలుగు రాష్ట్రాల అధిక భాగం 44వ మండలంలో ఉన్నది. దాని మధ్య రేఖాంశం 81 డిగ్రీలు. ఆ రేఖకు దగ్గరగా ఉన్న విజయవాడ వద్ద నేలమీది 1 కి.మీ. పటంలో దాదాపు 40 సెం.మీ. తగ్గుతుంది, దూరంగా ఉన్న హైదరాబాదు వద్ద ఇంచుమించు అంతే పెరుగుతుంది. ఎకరం విస్తీర్ణంలో ఇది సుమారు 3 చదరపు మీటర్లు. రోవర్ వల్ల వచ్చే 1.8 చదరపు మీటర్ల కంటె ఇది ఎక్కువ. కాబట్టి విస్తీర్ణాన్ని నేలమీది కొలతలకు సరిదిద్దాలి.

ఎత్తుల విషయం మరింత సున్నితమైనది. రిసీవరు చూపేది దీర్ఘగోళం నుంచి ఎత్తు. నీరు పారేది గురుత్వాన్ని అనుసరించి. దక్షిణ భారతంలో సముద్రమట్టాన్ని సూచించే జియాయిడ్ తలం దీర్ఘగోళానికి పదుల మీటర్ల దిగువన ఉంటుంది. అందుకే తీరప్రాంతపు పొలంలో రిసీవరు రుణాత్మక ఎత్తును చూపడం సహజం. ఒక్క మడిలో ఈ తేడా దాదాపు స్థిరం కనుక చదును పనికి ఆటంకం లేదు. కిలోమీటర్ల పొడవు కాల్వలో అట్లా కాదు. 5,000కు 1 వాలు గల కాల్వ కిలోమీటరుకు 20 సెం.మీ. మాత్రమే దిగుతుంది. జియాయిడ్ వాలు కిలోమీటరుకు 4 సెం.మీ. ఉన్నా కాల్వ వాలులో అయిదోవంతు తారుమారవుతుంది. నష్టపోయేది చివరి ఆయకట్టు రైతు. జియాయిడ్ నమూనాను వర్తింపజేసి, కాల్వ రెండు చివరలా లెవెల్ యంత్రంతో సరిచూసిన తరువాతే వాలును నిర్ణయించాలి.

ముగింపు

రోవర్ కర్ర మొన ఎక్కడ ఉన్నదో జీపీఎస్ చెబుతుంది. ఆ మొన హద్దు మీదనే ఉన్నదో లేదో చెప్పదు. హద్దును నిర్ణయించేది 1923 నాటి సర్వే, హద్దుల చట్టం వంటి శాసనాలు, రికార్డులు, ఇరువైపుల రైతుల సమక్షం. విస్తరణ శాస్త్రవేత్త కొలత సాంకేతిక సలహాకు ఆధారమే గాని తీర్పు కాదు. అయినా ఆ సలహా మీద ఎరువుల మోతాదు, విత్తన పరిమాణం, నీటి పారుదల, కొన్ని సందర్భాల్లో పంట నష్టం అంచనా ఆధారపడతాయి. స్థిర పద్ధతిలో ఆధార బిందువులు, చలన పద్ధతిలో వివరాలు, మరో సమయంలో స్వతంత్రమైన సరిచూపు అనే క్రమాన్ని పాటించాలి. ఫలితంతోపాటు దాని దోషాన్ని కూడా సెంట్లలో లేదా గుంటల్లో రైతుకు తెలియజేయాలి. ఎకరం, అరెకరం భూమి గల రైతు విషయంలో ఈ క్రమాన్ని కుదించడం తగదు. దోషం వాటా అతనికే ఎక్కువ.