వేళ్ల మీద లెక్కపెడితే వెనకబడినట్టేనా?



రెండు, మూడు తరగతుల పేరెంట్స్ మీటింగుల్లో తరచుగా వినిపించే మాట ఇది: "మేడమ్, మా పాప ఇంకా వేళ్ల మీదే లెక్కపెడుతోంది. పక్కింటి బాబు టకటకా చెప్పేస్తున్నాడు. మా పాపకు లెక్కలు రావేమో!" ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ గురించి మాట్లాడుకునే మన విజయవాడలో ఈ దిగులు సహజమే. మెదడు స్కానింగ్ పరిశోధనలు మాత్రం ఈ విషయంలో మనకు కొంత ధైర్యం చెబుతున్నాయి.

స్కాన్‌లో ఏం కనిపిస్తుంది?

మామూలు ఎంఆర్ఐ మెదడు నిర్మాణాన్ని చూపిస్తుంది. ఫంక్షనల్ ఎంఆర్ఐ అయితే, లెక్క చేస్తున్న సమయంలో మెదడులో ఏ భాగం ఎక్కువగా పనిచేస్తోందో రక్తంలోని ఆక్సిజన్ మార్పులను బట్టి చూపిస్తుంది. ఇందులో ఎక్స్‌రే కిరణాలు ఉండవు.

వేళ్ల నుంచి జ్ఞాపకానికి

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ వినోద్ మీనన్ బృందం 7 నుంచి 9 ఏళ్ల పిల్లలు 28 మందికి చిన్న చిన్న కూడికలు ఇచ్చి, ఏడాదికి పైగా తేడాతో రెండుసార్లు స్కాన్ చేసింది. ఫలితాలు 2014లో ప్రచురించారు. రెండోసారికి పిల్లలు లెక్కపెట్టడం తగ్గించి, ఎక్కువగా గుర్తు నుంచే జవాబు చెప్పారు. కొత్త జ్ఞాపకాలను ఏర్పరచే హిప్పోక్యాంపస్ అనే భాగం అప్పటికి మరింత చురుగ్గా పనిచేస్తోంది. శ్రమపడి ఆలోచించే భాగాల మీద భారం తగ్గింది.

అంటే 7+5ను వేళ్ల మీద చేసే పాప వెనకబడలేదు, దారిలో ఉంది. వేళ్లు ఆ దారిలో మొదటి మెట్టు. సరైన జవాబు చాలాసార్లు వచ్చాక అది గుర్తుండిపోతుంది, వేళ్ల అవసరం దానంతటదే తగ్గుతుంది.

భయం చేసే నష్టం

ఇదే బృందం 2012లో మరో విషయం బయటపెట్టింది. లెక్కలంటే భయపడే 7–9 ఏళ్ల పిల్లల్లో, లెక్క చేస్తున్నప్పుడు భయానికి సంబంధించిన అమిగ్డలా అనే భాగం ఎక్కువగా స్పందించింది. లెక్క చేయడానికి కావలసిన భాగాల పని తగ్గింది. తెలివి తక్కువ కావడం దీనికి కారణం కాదని కూడా తేలింది.

సంతోషించాల్సిన సంగతి 2015లో వచ్చింది. మూడో తరగతి పిల్లలకు ఎనిమిది వారాలు ఒక్కొక్కరికి విడిగా కూర్చోబెట్టి నేర్పిస్తే, బాగా భయపడే పిల్లల్లో భయమూ తగ్గింది, అమిగ్డలా స్పందనా తగ్గింది.

మరి మన పిల్లలకు స్కాన్ తీయించాలా?

అక్కర్లేదు. ఇవన్నీ కొంతమంది పిల్లలను కలిపి చూసిన ఫలితాలు. ఒక స్కాన్ చూసి ఈ బాబు ఇంజినీరు అవుతాడనో, ఈ పాపకు లెక్కలు రావనో ఎవరూ చెప్పలేరు. వేలిముద్రలు చూసి తెలివితేటలు చెబుతామనే వారికి కూడా డబ్బు కట్టకండి.

నెలల తరబడి నేర్పినా ఏ సంఖ్య పెద్దదో తెలియక తికమకపడుతుంటే అది డిస్కాల్క్యులియా కావచ్చు. దాన్ని సైకాలజిస్టులు పరీక్షలు పెట్టి నిర్ధారిస్తారు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 దీన్ని గుర్తించింది. దాచాల్సిన విషయం కాదు.

ఇంట్లో మనం చేయగలిగినవి

• వేళ్లు, చింతపిక్కలు, గవ్వలు వాడనివ్వండి. "చేతులు కిందపెట్టు" అనకండి.

• జవాబు తప్పితే ముందు "ఎలా చేశావమ్మా?" అని అడగండి.

• రోజూ పది నిమిషాలు పక్కన కూర్చోండి. ఆ పది నిమిషాలు ఫోన్ పక్కనపెట్టండి.

• థర్టీన్, థర్టీ తారుమారవుతుంటే తెలుగులో చెప్పండి. "పదమూడు"లో పది, మూడు రెండూ వినిపిస్తాయి.

• రైతు బజారుకు వెళ్లినప్పుడు చిల్లర లెక్క పిల్లలకే అప్పగించండి.

• స్లిప్ టెస్ట్ మార్కులను అన్నయ్యతోనో, పక్కింటి పిల్లలతోనో పోల్చకండి. "నాకూ చిన్నప్పుడు లెక్కలు వచ్చేవి కాదు" అని వాళ్ల ముందు అనకండి.

ఈ నెల డైరీలో మార్కులతో పాటు ఇంకొకటి కూడా రాసి పంపండి: మీ పాప లేదా బాబు ఏ లెక్క దగ్గర భయపడుతున్నారో. క్లాసులో అక్కడి నుంచే మొదలుపెడతాం.